ఉషువాయా రేవులో ఒక పగలు: బీగిల్ ఛానెల్ పడవ విహారం, టియెర్రా డెల్ ఫ్యూగో ఉద్యానవనం

దక్షిణ అమెరికా కొనను చుట్టి వెళ్ళే క్రూయిజ్ ఓడలు అర్జెంటీనాలోని ఉషువాయా రేవులో సాధారణంగా ఒక పగలు ఆగుతాయి. భూమధ్యరేఖకు దక్షిణంగా దాదాపు 55 డిగ్రీల అక్షాంశం వద్ద, బీగిల్ ఛానెల్ ఉత్తరపు ఒడ్డున, వేసవిలో కూడా శిఖరాల మీద మంచు కరగని కొండల పాదాల దగ్గర ఉన్న ఈ ఊరి నుంచే అంటార్కిటికాకు వెళ్ళే ఓడల్లో అత్యధిక భాగం బయలుదేరుతాయి. ఓడ ఆగిన ఆ కొద్ది గంటల కోసం ప్రయాణికులకు అమ్మే విహారాలు చాలా ఉంటాయి. వాటిలో నేను, నా భార్య పెంగ్విన్ల దీవి దాకా వెళ్ళే పొడవైన పడవ విహారాన్ని, ఆ తరువాత బస్సులో జాతీయ ఉద్యానవన దర్శనాన్ని కలిపి ఇచ్చే టికెట్టు తీసుకొన్నాము. అనంతపురం, కడప పట్టణాల నుంచి ఒకే ట్రావెల్ ఏజెంటు ద్వారా వెళ్ళిన మా బృందంలో మా వియ్యంకులు కూడా ఉన్నారు. కడపవారైన ఆ దంపతులు దీపస్తంభం దాకా మాత్రమే వెళ్ళి తిరిగివచ్చే పొట్టి పడవ విహారాన్ని, దానితో పాటు చిన్న రైలు ప్రయాణాన్ని ఎంచుకొన్నారు. రెండు టికెట్ల అనుభవాన్నీ పక్కపక్కన పెట్టి చూసే వీలు ఇలా దొరికింది గనుక, మన ప్రాంతం నుంచి ఇటువైపు వెళ్ళదలచినవారికి పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పడవ మీద గడిపిన సమయానికి పెట్టిన ప్రతి రూపాయీ గిట్టుబాటయింది. ఉద్యానవనంలో చూపించిన చోట్లు చక్కనివే అయినా, తిప్పిన తీరులోని తొందర వల్ల వాటి రుచి సగం పోయింది. రైలు ప్రయాణానికి మాత్రం, మా వియ్యంకులు చెప్పినదాన్ని బట్టీ, బస్సు కిటికీలో నుంచి నేను చూసినదాన్ని బట్టీ, అంత ధర పెట్టనవసరం లేదు.

పడవ అంటే మన నాగార్జునసాగర్‌లో తిరిగే లాంచీలకన్నా బాగా పెద్దదైన, రెండు అంతస్తుల క్యాటమరాన్, అంటే పక్కపక్కన రెండు పడవల అడుగులను కలిపి కట్టిన ఓడ. లోపల వెచ్చగా, అద్దాల కిటికీల పక్కన సోఫా వంటి కుర్చీలతో, మరుగుదొడ్లతో, కాఫీ అమ్మే చిన్న అంగడితో సౌకర్యంగా ఉంటుంది. బయట ముందు భాగంలోనూ పైఅంతస్తులోనూ నిలబడి చూడడానికి చోటు ఉంది. బీగిల్ ఛానెల్ బహిరంగ సముద్రం కాదు. సుమారు 240 కిలోమీటర్ల పొడవుతో, చాలాచోట్ల ఇరువైపులా కొండల మధ్య సాగే ఉప్పునీటి పాయ. దక్షిణ అమెరికా దక్షిణపు కొసన ఉన్న కేప్ హార్న్ దగ్గర ఓడ ఊపుకు మంచం పట్టిన మా బృందంలోని పెద్దవాళ్ళు కూడా ఇక్కడ మాత్ర వేసుకోకుండానే ఇబ్బంది లేకుండా కూర్చోగలిగారు. గాలి మాత్రం వేరే సంగతి, దాని గురించి తరువాత రాస్తాను.

గైడుగా వచ్చిన యువతి ప్రతి విషయాన్నీ ముందు స్పానిష్‌లోనూ తరువాత ఇంగ్లీషులోనూ చెప్పింది. ఆమెకు పక్షుల గురించి ఉన్న జ్ఞానం బట్టీపట్టినది కాదని అడిగిన ప్రశ్నలకు ఇచ్చిన సమాధానాల్లోనే తెలిసిపోయింది. ఈ జలమార్గానికి ఆ పేరు బ్రిటిష్ సర్వే ఓడ బీగిల్ వల్ల వచ్చిందనీ, ఆ ఓడ రెండవ యాత్రలో కెప్టెన్ ఫిట్జ్‌రాయ్‌తో పాటు యువకుడైన చార్లెస్ డార్విన్ 1833 జనవరిలో ఇక్కడ తిరిగాడనీ అందరు గైడులూ చెప్పేదే. ఈమె మాత్రం అక్కడితో ఆగక, నీళ్ళ మీద తేలుతున్న గోధుమరంగు కెల్ప్ నాచును చూపించి, ఆ నాచుతోటలు లేకపోతే చేపలూ పీతలూ, వాటిని తినే పక్షులూ జంతువులూ ఎలా కరువైపోతాయో విడమరచి చెప్పింది. ఒకే ఒక్క లోపం, ఆమె మాటలు వినిపించే స్పీకర్లు లోపలి హాలులో స్పష్టంగా ఉండి, బయటి డెక్ మీద గాలిహోరులో సగానికి సగం కొట్టుకుపోయేవి. చూడాలంటే బయట ఉండాలి, వినాలంటే లోపల ఉండాలి అన్న పరిస్థితి అంత ధర తీసుకొనే విహారానికి తగదు.

మొదట ఆగేది పక్షుల దీవి దగ్గర. దీవి అని పేరేగాని అది నీటిలో నుంచి కొద్దిగా లేచిన బండరాయి. దాని మీద జానెడు చోటు ఖాళీ లేకుండా నలుపు వీపు, తెలుపు పొట్ట గల పక్షులు నిటారుగా నిలబడి ఉంటాయి. దూరం నుంచి చూసినవారెవరికైనా అవి పెంగ్విన్లేననిపిస్తుంది. నిజానికి అవి నీటికాకులు. వాటిలో ఎక్కువ భాగం ఇంపీరియల్ కార్మొరెంట్ అనే జాతి. కంటి చుట్టూ నీలిరంగు వలయం, ముక్కు మొదట్లో పసుపురంగు ఉబ్బు ఉంటాయి. బండ పైభాగంలో మట్టి, నాచు, రెట్టలతో గట్టిపడిన గూళ్ళను ఒకదానికొకటి ముక్కు తగిలే దూరంలో కట్టుకొంటాయి. అదే బండ నిలువు అంచుల్లో, కాలు మోపడానికే చోటు లేని పగుళ్ళలో, ముఖం ఎర్రగా ఉండే మరో జాతి నీటికాకులు కాపురం పెడతాయి. ఒకే రాయిని రెండు జాతులు తగాదా లేకుండా పంచుకొన్న ఆ పద్ధతిని చూస్తూ పడవ అక్కడ ఇంకొంతసేపు ఆగితే బాగుండుననిపించింది.

పొట్టి విహారం వెళ్ళిన మా వియ్యంకుడు ఈ పక్షులను వందల కొద్దీ ఫోటోలు తీశారు. రాత్రి భోజనాల బల్ల దగ్గర అవి చూపిస్తూ, "బావగారూ, పెంగ్విన్లు ఎగరవని గదా మనం చదివింది, ఇవి గుంపులు గుంపులుగా లేసిపోయినాయే!" అని ఆశ్చర్యపోయారు. అందరమూ నవ్వుకొన్నాము గాని, తప్పు ఆయనది కాదు. ఆ టికెట్టు అమ్మిన కాగితం మీద ముఖచిత్రంగా ఉన్నది పెంగ్విన్ల బొమ్మ. ఆ విహారం పెంగ్విన్ల దీవికి వెళ్ళదని చెప్పే వాక్యం వెనుకవైపు, భూతద్దం పెట్టి చదవవలసిన అక్షరాల్లో ఉంది. మన ట్రావెల్ ఏజెంటు కూడా ఆ సంగతి చెప్పలేదు. ఇంత దూరం వచ్చి పెంగ్విన్లను చూడకుండానే వెనుదిరిగినవారు మా బృందంలో మరికొందరు ఉన్నారు. కనుక టికెట్టు కొనే ముందు ఆ విహారం పెంగ్విన్లు ఉండే మార్టిల్యో దీవికి వెళ్తుందా లేదా అన్న ఒక్క ప్రశ్న అడిగి, జవాబును కాగితం మీద రాయించుకోవాలి. "పెంగ్విన్ల ప్రాంతం", "వన్యప్రాణుల విహారం" వంటి మాటలకు లొంగకూడదు.

పక్షుల దీవికి దగ్గరలోనే సముద్రసింహాల బండ ఉంది. అవి కనబడకముందే వాటి వాసన వస్తుంది, దానికి మనసును సిద్ధం చేసుకోవాలి. మెడ చుట్టూ దట్టమైన జూలుతో, 300 కిలోలకు మించి బరువు తూగే మగ జంతువు ఒకటి ఎత్తైన చోట కూర్చుని ఉంటే, దాని చుట్టూ సన్నని, లేతరంగు ఆడ జంతువులు ఒకదాని మీద ఒకటి తలవాల్చి పడుకొని ఉన్నాయి. పక్క మగది గీత దాటిందో లేదో, రెండూ ఛాతీలు ఢీకొట్టుకొని గర్జించాయి. పడవ చాలా దగ్గరగా వెళ్ళి, ఇంజను వేగం తగ్గించి నిలబడింది. ఆ దగ్గరితనం వాటిని కలవరపెట్టినట్టు నాకు కనబడలేదు. ఒకటి రెండు తల ఎత్తి చూసి మళ్ళీ పడుకొన్నాయి. రోజూ ఇన్ని పడవలు వచ్చి నిలబడడం వాటికి మంచిదేనా అని గైడును అడిగితే, పడవలు ఎంత దగ్గరికి రావచ్చు, ఎలా మసలుకోవాలి అన్నదానికి నియమాలున్నాయని చెప్పింది. ఆ జవాబుతో నాకు పూర్తిగా తృప్తి కలగలేదు.

తరువాతిది లెస్ ఎక్లేరర్స్ దీపస్తంభం. ఎరుపు తెలుపు పట్టీలతో, పదకొండు మీటర్ల ఎత్తుతో, చిన్న రాతిదీవి మీద ఒంటరిగా నిలబడిన ఈ ఇటుక కట్టడం 1920 డిసెంబరు నుంచి వెలుగుతోంది. ఊరంతటా అమ్మే పోస్టుకార్డుల మీదా ఫ్రిజ్ అయస్కాంతాల మీదా దీన్ని "ప్రపంచపు చివరి దీపస్తంభం" అంటారుగాని, ఆ బిరుదు న్యాయంగా దక్కవలసింది ఇక్కడికి చాలా తూర్పున ఉన్న ఎస్టాదోస్ దీవిలో 1884లో వెలిగించిన దీపస్తంభానికి. దీనికన్నా దక్షిణాన కేప్ హార్న్ దగ్గర చిలీవారి దీపస్తంభమూ ఉంది. అయినా ఈ కట్టడం విలువ తక్కువేమీ కాదు. 1930 జనవరిలో మోంటె సెర్వాంటెస్ అనే జర్మన్ విహారనౌక ఉషువాయా నుంచి బయలుదేరిన కాసేపటికే ఈ దీపస్తంభం సమీపంలోని రాళ్ళకు గుద్దుకొంది. వెయ్యికి పైగా ఉన్న ప్రయాణికులందరూ బతికి బయటపడ్డారు. కెప్టెన్ మాత్రం ఓడతోపాటే పోయాడు. అప్పటి ఉషువాయా జనాభాకన్నా ఆ ఓడ దిగినవారే ఎక్కువ కావడంతో, వారిని ఇళ్ళల్లోనూ జైలులోనూ ఉంచి, జైలు వంటశాలలో రొట్టెలు కాల్చి పెట్టవలసి వచ్చిందట. క్రూయిజ్ ఓడ దిగి వచ్చినవారికి ఇంతకన్నా దగ్గరి కథ మరొకటి ఉండదు. మా గైడు దాన్ని చెప్పింది. పొట్టి విహారం గైడు చెప్పలేదట.

పొట్టి విహారం పడవ ఇక్కడి నుంచి వెనుదిరుగుతుంది. మా పడవ తూర్పుగా సాగింది. ఎడమవైపు అర్జెంటీనా, కుడివైపు చిలీకి చెందిన నవారినో దీవి, దాని ఒడ్డున ప్వెర్తో విలియమ్స్ అనే చిన్న పట్టణం కనబడతాయి. ఈ ఛానెల్ తూర్పు కొసన ఉన్న మూడు దీవుల కోసం ఈ రెండు దేశాలూ 1978లో యుద్ధం అంచు దాకా వెళ్ళి, చివరికి పోప్ మధ్యవర్తిత్వంతో 1984లో ఒప్పందం చేసుకొన్నాయి. ఈ నీళ్ళ మీద ఆ రెండు దేశాల కన్నా ముందు వేల సంవత్సరాలు బతికినవారు యాఘన్ ప్రజలు. చెట్టు బెరడుతో చేసిన దోనెల్లో, దోనె మధ్యలో మట్టి పరిచి ఆరనివ్వని నిప్పు పెట్టుకొని, చలికి ఒంటికి జంతువుల కొవ్వు పూసుకొని తిరిగేవారు. ఆ భాషను పుట్టుకతో మాట్లాడగలిగిన చివరి వ్యక్తి క్రిస్టినా కల్దెరోన్ 2022 ఫిబ్రవరిలో మరణించారు. ఆమె నివసించిన ఊరు మా పడవలో నుంచి కుడివైపు కనబడిన ఆ ప్వెర్తో విలియమ్స్ పక్కనే. ఈ భాగంలో గైడు మైకు పక్కన పెట్టి బల్లల మధ్య తిరుగుతూ చెప్పింది, వినదలచినవారే విన్నారు. మిగిలినవారు కాఫీ తాగారు.

ఈ దారిలో కళ్ళు తెరిచి ఉంచితే కనబడేవి చాలా ఉన్నాయి. రెక్కలున్నా ఎగరలేక, నీళ్ళను తెడ్లతో కొట్టినట్టు రెక్కలతో కొడుతూ దూసుకుపోయే భారీ బాతులు, ఒడ్డు నాచును మేసే పెద్దబాతుల జంటలు, అప్పుడప్పుడు పడవ వెంట రెక్క కదపకుండా తేలిపోయే నల్లకనుబొమ్మల ఆల్బట్రాస్ పక్షులు ఇక్కడివే. బైనాక్యులర్ లేకుండా ఈ విహారానికి రావడం దండగ. పడవలో అద్దెకు కూడా దొరకవు.

మార్టిల్యో దీవి సంగతి కొంచెం వివరంగా రాయాలి. ఇది హార్బర్టన్ అనే పాత పశుపాలన క్షేత్రానికి చెందిన దీవి. ఆంగ్లికన్ మిషనరీగా వచ్చి యాఘన్ భాషకు నిఘంటువు కూర్చిన థామస్ బ్రిడ్జెస్ 1886లో ఆ క్షేత్రాన్ని స్థాపించాడు. ఈ దీవిలో ప్రధానంగా ఉండేవి మాజెల్లానిక్ పెంగ్విన్లు. మోకాలికన్నా కొంచెం ఎత్తుగా, ఛాతీ మీద రెండు నల్లని అడ్డపట్టీలతో ఉంటాయి. సెప్టెంబరు చివర, అక్టోబరులలో ఇక్కడికి వచ్చి, నేలలో బొరియలు తవ్వుకొని, సాధారణంగా రెండేసి గుడ్లు పెట్టి, పిల్లలను పెంచి, ఏప్రిల్ నాటికి ఖాళీ చేసి వెచ్చని నీళ్ళ కోసం బ్రెజిల్ తీరం వైపు ఈదుకుంటూ వెళ్ళిపోతాయి. వీటి మధ్యనే జెంటూ పెంగ్విన్ల చిన్న కాలనీ ఒకటి ఉంది. వాటి ముక్కు నారింజరంగు, తల మీద ఒక కంటి నుంచి మరొక కంటి దాకా తెల్లని పట్టీ. ఇవి బొరియలు తవ్వవు. బయటి నేల మీద గులకరాళ్ళను గుండ్రంగా పేర్చి గూడు కడతాయి, పక్క గూటిలోని రాయిని ఎత్తుకుపోవడం వీటికి నిత్యకృత్యం.

పడవ ఇసుకతిన్నెకు ఎదురుగా నెమ్మదిగా వచ్చి, ముక్కును దాదాపు ఒడ్డుకు ఆనించి ఇంజను ఆపేస్తుంది. అప్పుడే గాడిద ఓండ్రపెట్టినట్టు ఉండే మాజెల్లానిక్ పెంగ్విన్ల అరుపులు వినబడతాయి. మేము వెళ్ళింది జనవరిలో గనుక పిల్లలు తల్లిదండ్రులంత పెరిగి, ఒంటి మీది బూడిదరంగు నూగు అక్కడక్కడ రాలి, చిరిగిన కోటు వేసుకొన్నట్టు కనబడ్డాయి. పెద్దవి నీళ్ళలో నుంచి బయటికి వచ్చి, తడిసిన ఒంటిని దులుపుకొని, కొంత దూరం నడిచి ఆగి, గుంపులో తమ పిల్లను పిలుపును బట్టి గుర్తుపట్టి, దాని నోట్లోకి మేత దింపాయి. మేతకు అర్రులు చాస్తూ పరాయి పిల్ల దగ్గరికి వస్తే ముక్కుతో పొడిచి తరిమేశాయి. పడవకు అతి సమీపంలో, నీటి అడుగున, అవి ఈదే వేగం చూసినప్పుడే వీటి అసలు రూపం తెలుస్తుంది. ఒడ్డు మీద తడబడుతూ నడిచే ఆ పక్షి నీళ్ళలోకి దిగిన మరుక్షణం చూపుకు అందకుండా పోతుంది. నా భార్య ఫోన్ లోపల పెట్టి, చలిలో కమ్మీ పట్టుకొని, పిలిచినా పలకకుండా నిలబడింది. పడవ బయలుదేరేటప్పుడు "ఇంకొక్క ఐదు నిమిషాలు ఆపమని అడగరాదా?" అంది. ఆ మాటే నా ఫిర్యాదు కూడా. రానూపోనూ అంత దూరం తిప్పిన పడవ పెంగ్విన్ల ముందు ఆగింది అరగంట కూడా లేదు.

పెద్ద క్యాటమరాన్‌లలో వచ్చినవారిని దీవి మీద దిగనివ్వరు. దీవి మీద నడిచే అనుమతి హార్బర్టన్ నుంచి చిన్న పడవల్లో చిన్న చిన్న గుంపులను తీసుకువెళ్ళే ఒకే ఒక్క సంస్థకు ఉంది. ఆ విహారం ధర ఇంకా ఎక్కువ, చోట్లు చాలా ముందుగానే నిండిపోతాయి, పైగా రోడ్డు మార్గాన ఉషువాయా నుంచి హార్బర్టన్ సుమారు 85 కిలోమీటర్లు. ఓడ ఆగే సమయం చాలా ఎక్కువ ఉంటే తప్ప ఓడ ప్రయాణికులకు దాన్ని నేను సిఫారసు చేయను. మోకాళ్ళ నొప్పులున్నవారికి క్యాటమరానే మేలు, ఎందుకంటే కూర్చున్నచోటి నుంచి కూడా పెంగ్విన్లు బాగానే కనబడతాయి. ఒక చిన్న ఉపాయం చెబుతాను. పడవ ఆగగానే అందరూ ముందు భాగానికి ఎగబడతారు. ఆ తొలి నిమిషాల్లో పైఅంతస్తు పక్క కమ్మీ దగ్గర నిలబడి చూసి, చలికి తట్టుకోలేక జనం లోపలికి వెళ్ళిపోయాక ముందుకు దిగితే తోపులాట ఉండదు.

మధ్యాహ్నం తరువాత బస్సులో టియెర్రా డెల్ ఫ్యూగో జాతీయ ఉద్యానవనానికి వెళ్ళాము. 1960లో ఏర్పడిన ఈ ఉద్యానవనం ఊరికి పడమరగా, చిలీ సరిహద్దును ఆనుకొని ఉంది. లెంగా, నీర్రె, గిందో అనే మూడు రకాల దక్షిణార్ధగోళపు బీచ్ చెట్లతో నిండిన అడవి, కొమ్మల నుంచి వేలాడే లేతాకుపచ్చ లైకెన్లు, చెట్ల మీద నారింజరంగు ఉండలుగా కాసే, అక్కడి ఆదివాసులు తినే పుట్టగొడుగులు చూశాము. అనంతపురం మనిషిగా నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసిన విషయం ఇక్కడే తెలిసింది. ఇంత పచ్చదనం చూసి ఏడాదికి రెండు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడుతుందేమోనని బస్సులో అందరూ అనుకొన్నారు. ఉషువాయా వార్షిక వర్షపాతం సుమారు 530 మిల్లీమీటర్లు. మన అనంతపురం సగటు సుమారు 550. వాన లెక్కలో మనమే ఒక పిసరు ఎక్కువ! అక్కడ ఏడాది సగటు ఉష్ణోగ్రత ఆరు డిగ్రీల దరిదాపుల్లో ఉండడం వల్ల కురిసిన నీరు ఆవిరైపోదు. ఆ కొద్ది వానా మంచూ పన్నెండు నెలలూ తుంపర తుంపరగా పంచుకొని పడతాయి. నేల మీద అడుగుల మందంలో పేరుకొన్న పీట్ నాచు, అంటే పూర్తిగా కుళ్ళకుండా పొరలు కట్టిన నాచు, ఆ తడిని పట్టి ఉంచుతుంది. మన దగ్గర కొద్దిరోజుల్లో కుమ్మరించి, మిగతా రోజులు ఎండా గాలీ నేలను పీల్చేస్తాయి. వేరుశనగ ఎండిపోయిన ప్రతిసారీ వాన అంకెలనే తిట్టుకొనే మా బృందంలోని రైతుబిడ్డలు కొందరు తిరుగు ప్రయాణమంతా దీని గురించే మాట్లాడుకొన్నారు.

ఆ అడవిలో ఎండి బూడిదరంగుకు తిరిగిన మోళ్ళ మైదానాలు కూడా ఉన్నాయి. 1946లో బొచ్చుతోళ్ళ పరిశ్రమ పెడదామన్న ఆశతో ప్రభుత్వం కెనడా నుంచి కొద్ది జతల బీవర్లను, అంటే నీళ్ళలో తిరిగే పెద్ద ఎలుకజాతి జంతువులను, తెప్పించి ఉషువాయా ఉన్న టియెర్రా డెల్ ఫ్యూగో దీవిలో వదిలింది. పరిశ్రమ రాలేదు, వేటాడే జంతువు లేక బీవర్లు మాత్రం లక్షకు పైగా పెరిగాయి. అవి చెట్లు కొరికి కట్టిన ఆనకట్టల వెనుక నీరు నిలిచి, ఆ నీటిలో మునిగిన లెంగా చెట్లు చచ్చిపోతాయి. ఉత్తర అమెరికా చెట్లలా మొదలు నుంచి మళ్ళీ చిగురించే గుణం వీటికి లేదు. ఇంత మంచి విషయాన్ని చూపించవలసిన చోట బస్సు ఆగకుండా వేగం తగ్గించి ముందుకు పోయింది. ఆపినచోటల్లా ఫోటోకు సరిపడా సమయమే ఇచ్చారు. లపతాయా అఖాతం దగ్గర మూడవ నంబరు జాతీయ రహదారి ముగుస్తుంది. బ్వేనస్ ఐరెస్ 3,079 కిలోమీటర్లు, అలాస్కా 17,848 కిలోమీటర్లు అని రాసిన చెక్క బోర్డు ముందు ఫోటో కోసం వరుసలో నిలబడేటప్పటికే మాకు ఇచ్చిన సమయం అయిపోయింది. ఆ వరుసను వదిలి పక్కనే ఉన్న చెక్క కాలిబాట మీద అఖాతం దాకా నడిచినవారు అదృష్టవంతులు. అక్కడ తెల్లని మగ పెద్దబాతూ, గోధుమరంగు చారల ఆడ పెద్దబాతూ పిల్లలను వెంటేసుకొని మనుషుల కాళ్ళ పక్కనే గడ్డి మేస్తూ ఉన్నాయి.

రైలు గురించి రెండు ముక్కలు. ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో ఉషువాయా జైలులోని ఖైదీలు కట్టెలు కొట్టి తేవడానికి వేసిన సన్నని పట్టాల దారి అది. 1952లో మూతపడి, పర్యాటకుల కోసం 1994లో మళ్ళీ తెరుచుకొంది. చరిత్ర ఉన్నదే గాని, ఏడు కిలోమీటర్లు గంటసేపు అద్దాల పెట్టెలో కూర్చుని వెళ్ళడంలో బస్సులో కనబడనిది పెద్దగా కనబడదు. పొగ ఇంజను మీద ఇష్టమున్నవారు, చిన్నపిల్లలతో వెళ్ళేవారు ఎక్కవచ్చు. ఆ చరిత్రే కావాలంటే 1947లో మూసివేసిన అసలు జైలు రేవు నుంచి నడిచి వెళ్ళే దూరంలో మ్యూజియంగా ఉంది. దానికి టికెట్టు కొనుక్కొని నింపాదిగా చూడడం మంచిది.

శాకాహారులకు హెచ్చరిక. ఊరు గొర్రె మాంసానికీ, సెంతోయా అనే పెద్ద పీతకూ ప్రసిద్ధి. పడవలో కాఫీ, బిస్కెట్లు, పాలకోవా వంటి తీపి పెట్టిన అల్ఫహోర్ అనే కేకులు తప్ప శాకాహారులు తినదగినది ఏమీ దొరకలేదు. ఊళ్ళో మొక్కజొన్న కూరతోనూ, పాలకూర జున్నుతోనూ చేసే ఎంపనాదాలు దొరుకుతాయి, కజ్జికాయ ఆకారంలో ఉంటాయి, లోపల మాంసం లేదని అడిగి నిర్ధారించుకోవాలి. ఓడ నుంచి పండ్లు, వండిన పదార్థాలు ఒడ్డుకు తీసుకురాకూడదని చెప్పారు గనుక ఓడలోనే ఉదయం గట్టిగా తిని బయలుదేరడం ఉత్తమం.

టికెట్టు ఎక్కడ కొనాలన్నది తరువాతి ప్రశ్న. ఓడవారు అమ్మే ధరకన్నా రేవు పక్కనే వరుసగా ఉన్న చిన్న గదుల్లో పడవ సంస్థలు అమ్మే ధర బాగా తక్కువ. అయితే ఓడవారి విహారం ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మనంతట మనం వెళ్ళిన పడవ ఆలస్యమైతే ఓడ ఆగదు. గాలి ఎక్కువైన రోజుల్లో అధికారులు రేవును మూసి పడవలన్నిటినీ నిలిపివేయడం ఇక్కడ మామూలే. పొట్టి విహారానికి రేవులోనే కొనుక్కోవచ్చు. పొడవైనదానికి ధర ఎక్కువైనా ఓడ ద్వారానే వెళ్ళమంటాను.

జనవరి అక్కడ వేసవి. రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది గాని పగటి వేడి సగటున పద్నాలుగు పదిహేను డిగ్రీలే. స్వెట్టరు మీద గాలి చొరని జాకెట్టు, చేతితొడుగులు, మన మంకీ క్యాపు తప్పనిసరి. శాలువా గాలికి నిలవదు. ఒకే గంటలో ఎండ, తుంపర, వడగళ్ళు మూడూ చూశాము. వీసా విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఈ మార్గంలోని ఓడలు అర్జెంటీనా, చిలీ రేవుల మధ్య అటూ ఇటూ తిరుగుతాయి గనుక ఒకటికి మించి ప్రవేశాలకు అనుమతించే వీసా కావాలేమో ఓడవారితోనే ముందుగా తేల్చుకోవాలి. పొద్దున్నే రేవు చేరి రాత్రి దాకా ఆగే ఓడ అయితేనే పొడవైన పడవ విహారాన్నీ ఉద్యానవనాన్నీ కలిపి తీసుకోవాలి. మధ్యాహ్నానికే లంగరు ఎత్తే ఓడ అయితే ఉద్యానవనం వదిలేసి, మార్టిల్యో దాకా వెళ్ళి వచ్చే సమయం ఉందో లేదో లెక్క చూసుకొని, లేకపోతే దీపస్తంభం దాకా వెళ్ళి వచ్చి, మిగిలిన గంటలు జైలు మ్యూజియంలో గడపడం మేలు.